ఎడమ పక్క ఎండిపోయిన ఎద్దు

మా ఆవిడ చెప్పిన పాఠం వల్ల ఒక ఎద్దు ప్రాణం మీదికి వచ్చింది. పాఠాల వల్ల పిల్లలకు నిద్ర రావడం, తలనొప్పి రావడం లోకంలో ఉన్నదే. పశువుల జోలికి పోయిన పాఠం మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే. ఈ సంగతి చెబితే ఆమె ఊరుకోదు. ప్రస్తుతం పుట్టింటికి గద్వాల పోయింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆమె పేరు జమ్ములమ్మ. గద్వాల పక్కన జమ్మిచేడులో కొలువున్న అమ్మవారి పేరు. ఆ దిక్కు ఈ పేరున్న ఆడపిల్లలు వీధికొకరు దొరుకుతారు. మా పెళ్ళిచూపులప్పుడు మా మేనత్త నన్ను పక్కకు పిలిచి, "అమ్మోరి పేరున్న పిల్లరా, జర కోపముంటది" అంది. మేనత్త చాలా తక్కువ చేసి చెప్పింది.

జమ్ములమ్మ డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండూ పాసై, పెబ్బేరుకు దగ్గర్లోని ఒక ఊరి సర్కారు బడిలో డ్రాయింగ్ టీచరుగా కుదిరింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఆమె చేతికింద ఉంటారు. నా పేరు మహిపాల్. పెబ్బేరులో పశువుల సంతకు పోయే దారిలో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, దినాలు, నాయకుల పర్యటనలు, ఏదైనా సరే, మనిషి ముఖం నా కంప్యూటర్‌లోంచి పోవాల్సిందే. పోయేటప్పుడు తెల్లగా పోతుంది. నల్లగా వచ్చినవాడు నల్లగా పోవడానికి నా దగ్గరికి రాడు కదా.

మా ఇద్దరికీ అక్కడే గొడవ. సాయంత్రం బడి విడిచాక ఆమె తిన్నగా నా దుకాణానికి వచ్చి, బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే నా వెనక నిలబడి తెర వైపు చూసేది.

"ముక్కేదయ్యా?" అనేది.

"గదే, నడిమిట్ల ఉన్నది."

"రెండు తొర్రలున్నయి. ముక్కు లేదు. ముఖంల నీడ మొత్తం తీసేస్తివి. అప్పడం లెక్క చేసి పెట్టినవ్ ఆయన్ని."

"నీడ ఉంటే ఆయన ఫ్లెక్సీ నా ముఖాన కొడ్తడే."

"కొట్టనీ. నీ ముఖంల జర నీడన్నా వస్తది."

ఇట్లా సాగేది మా సంసారం. ఆమెకు ప్రపంచంలో మనుషులు రెండే రకాలు: నీడ చూసేవాళ్ళు, నీడ చూడనివాళ్ళు. కట్టుకున్నవాణ్ణి కూడా రెండో రకంలో పడేసింది.

బడిలోనూ ఆమెకు శాంతి లేదు. హెడ్‌మాస్టర్ శ్రవణ్ కుమార్ సార్ దృష్టిలో డ్రాయింగ్ అంటే జెండా, మామిడికాయ, నెమలి. వాటికి రంగులు పూసి గోడకు అంటిస్తే తనిఖీకి వచ్చినవాళ్ళు "బాగుంది" అని టీ తాగి పోతారు. ఈమె వచ్చిన మొదటిరోజే పిల్లల రంగుల డబ్బాలన్నీ ఇంటికి పంపించేసింది. చేతికి బొగ్గు ముక్కలు ఇచ్చింది. సాయంత్రానికి పిల్లలంతా ఇటుకబట్టీలో పనిచేసి వచ్చినట్టు ఇళ్ళకు పోయారు. తల్లులు వచ్చి హెడ్‌మాస్టర్ మీద పడ్డారు.

"మేడమ్, మామిడికాయకు పచ్చ రంగు వేయించడానికి మీకేం ఇబ్బంది?" అన్నాడు ఆయన.

"సార్, మామిడికాయ పచ్చగ ఉంటదని వాండ్లకు తెల్సు. గుండ్రంగ ఉంటదని తెల్వదు," అంది ఈమె.

ఆయన హాజరుపట్టీ తెరిచి చూసుకున్నాడట.

అసలు తంటా ఏమిటంటే, పిల్లల కళ్ళు రంగు దగ్గరే ఆగిపోతున్నాయి. వంకాయ ముందు పెట్టి "ఏం కనిపిస్తున్నది?" అంటే "ఊదా రంగు టీచర్" అంటారు. దాని మీద వెలుగు ఎక్కడ పడింది, ఎక్కడ తగ్గింది, ఎక్కడ చీకటైంది, ఒక్కడికీ పట్టదు. జమ్ములమ్మ చాలా ఆలోచించి, ఒక డబ్బాడు సున్నం కలిపింది. వంకాయకు సున్నం కొట్టింది. ఆలుగడ్డకు కొట్టింది. కొబ్బరికాయకు, చెంబుకు, మా అమ్మ రోకలికి కొట్టింది. ఒకరోజు నా ఎడమకాలి చెప్పు కనిపించలేదు. వారం తర్వాత బడికి పోతే, ఏడో తరగతి గదిలో బల్ల మీద తెల్లగా, దర్జాగా కూర్చుని ఉంది.

రంగు పోయాక ఇక మిగిలింది వెలుగూ నీడే. గదిలో ఒక్క కిటికీ తెరిచి, మిగతావన్నీ మూయించి, లైట్లు బందు చేయించి, పిల్లలందర్నీ కళ్ళు సగం మూసి చూడమనేది. కళ్ళు సగం మూస్తే చిల్లర వివరాలు పోయి, తెలుపు, నలుపు, మధ్యలో ఉన్న బూడిద రంగు మెట్లు మాత్రమే కనిపిస్తాయట. ఒకరోజు శ్రవణ్ కుమార్ సార్ చప్పుడు లేకుండా తలుపు తోసి చూశాడు. చీకటి గది. గదినిండా పిల్లలు. అందరూ కళ్ళు అరమోడ్చి తెల్లటి చెప్పు వైపు తదేకంగా చూస్తున్నారు.

"మేడమ్, ఇదేం పూజ?" అన్నాడు ఆయన.

పిల్లలు ఎంత నవ్వారంటే పక్క గదిలో లెక్కల సారు పాఠం ఆపేశాడు. జమ్ములమ్మ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి ఆ కోపం నామీద తీర్చుకుంది. చెప్పు నాదే కదా.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలు బొమ్మలు వేయడం నేర్చారు. కాగితం మీద ఆలుగడ్డ వేస్తే చేత్తో తీసుకోవచ్చనిపించేది. గుంట అయినా గుట్ట అయినా పుట్టేది నీడతోనే అని ఆమె చెప్పేది. వెలుగు ఏ దిక్కు నుంచి వస్తుందో ముందు తేల్చుకొమ్మనేది. నీడ అంచు ఒక్కసారిగా తెగితే అది పెట్టె, మెల్లగా కరిగితే అది కుండ అనేది. బొగ్గు చేతికి అంటి బొమ్మ పాడవకుండా, పలుచటి గంజినీళ్ళు పిచికారీ సీసాలో పోసి మీద చల్లించేది. ఆరితే వేలితో రుద్దినా బొగ్గు రాదు. ఈ గంజి సంగతి గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచింది అదే.

ఆ ఏడో తరగతిలో అర్చన అని ఒక పిల్ల ఉంది. సన్నగా, నోరు విప్పని పిల్ల. ఆమె నాయన వెంకట్రాములు అదే ఊళ్ళో మెట్ట సేద్యం చేసుకునే రైతు. వాళ్ళకు తెల్లెద్దుల జత ఉండేది. మొన్నటి వానల్లో అందులో ఒకటి రోగమొచ్చి చచ్చిపోయింది. సాయంత్రం నిలబడి గడ్డి తిన్నది, తెల్లారేసరికి డొక్కలు ఈడ్చుకుపోయి పడి ఉంది. మిగిలిందాని పేరు బసన్న. అర్చన ఏ బొమ్మ వేయమన్నా బసన్ననే వేసేది. కుండ వేయమంటే కుండ పక్కన బసన్న ఉండేది. చెప్పు వేయమంటే బసన్న ఆ చెప్పును వాసన చూస్తుండేది.

వెంకట్రాములు బసన్నను పెబ్బేరు సంతలో అమ్మాలని నిశ్చయించుకున్నాడు. ఒంటెద్దుతో దున్నేది లేదు, ట్రాక్టరు మాట్లాడుకున్నాడు. ఈ మాట విన్నప్పటి నుంచి ఆ పిల్లకు అన్నం సయించలేదు. ఏడ్చింది, అలిగింది, నాయన వినలేదు. ఏం చేస్తే ఎద్దు ఇంటికి వాపసు వస్తుందా అని ఆ చిన్న బుర్ర రాత్రింబవళ్ళు అదే ఆలోచించింది. ఎవరూ కొనకపోతే వస్తుంది. బక్కెద్దును ఎవరూ కొనరు. బసన్నేమో నున్నగా, నిండుగా ఉంది. అప్పుడు తోచింది ఆ పిల్లకు.

మా జమ్ములమ్మకు ఇవేవీ తెలియవు. బడిలో అర్చన వచ్చి, "టీచర్, ఎద్దు పక్కబొక్కలు కనవడాలంటే నీడ యాడ వెయ్యాలె?" అని అడిగితే, ఈమె ఆనందం పట్టలేకపోయింది. ఆ పిల్లను ఊళ్ళో ఎవరిదో ముసలి ఎద్దు దగ్గరికి తీసుకుపోయి, ఎముక మీద వెలుగెట్లా నిలుస్తుంది, రెండు ఎముకల మధ్య నీడెట్లా దిగుతుంది, తుంటి కింద గుంట ఎంత లోతు కనిపిస్తుంది, అన్నీ దగ్గరుండి చూపించింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఏడో తరగతి పిల్ల బొక్కల నీడలు అడిగిందయ్యా! నా జన్మ ధన్యమైంది," అంది. ఆ రోజు పప్పులో ఉప్పు వేయడం కూడా మర్చిపోయింది.

సంత రోజు బడికి సెలవు కలిసొచ్చింది. జమ్ములమ్మ పొద్దున్నే నా దుకాణంలో కూర్చుని, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీలో గడ్డం కింద నీడ వాపసు పెట్టమని నన్ను వేధిస్తోంది. అప్పుడు అర్చన పరుగెత్తుకుంటూ వచ్చింది. గోళ్ళ నిండా మసి.

"టీచర్, బసన్నను అమ్ముతుండు మా నాయన! నేను బసన్న మీద బొగ్గుతోని బొక్కలు వేసిన టీచర్. తెల్లారకముందే లేసి కొట్టంల లైటు కింద వేసిన. గంజి గూడ చల్లిన. నాయన చీకట్లనే పట్కొచ్చిండు, చూసుకోలే. ఈడికొచ్చినాంక ఎవరూ దగ్గరికి రాలే. బక్కెద్దు, బక్కెద్దు అని దూరంకెల్లే వోయిండ్రు. ఇగ వాపస్ కొండవోతం అనుకున్న. గని ఒకాయన వచ్చి బేరం చేస్తుండు. బక్కెద్దుని ఆయన ఎందుకు కొంటుండు టీచర్?"

జమ్ములమ్మ నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా, నా నోరు ఎప్పుడూ ఆగదు.

"బక్కెద్దుని కొనేది కబేళాకు బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. తన మసి గోళ్ళ వైపు చూసుకుంది. ఆమె ముఖం చూశాక, నా నాలుక కోసి ఆ ఫ్లెక్సీకి అంటించినా తప్పులేదనిపించింది. జమ్ములమ్మ బకెట్లో నానబెట్టిన తుడుపుగుడ్డ లాక్కుని, "నడువు!" అంది. ముగ్గురం సంతలోకి పరుగెత్తాం.

పెబ్బేరు సంతలో ఎద్దును మంచిగా చూపించడానికి అమ్మేవాళ్ళు చేయని పని లేదు. కొమ్ములు గీకి నూనె పెడతారు, ముసలి వెంట్రుకలకు నలుపు పూస్తారు, సంతకు తెచ్చేముందు కడుపునిండా నీళ్ళు తాపుతారు. కొనేవాళ్ళకూ ఇవన్నీ తెలుసు. మంచి ఎద్దును చూస్తే వేలు తడిచేసి రుద్ది రుద్ది చూస్తారు. బక్కెద్దును రుద్ది చూసినవాడు లేడు. ఉన్న కండను లేనట్టు చేసి సంతకు తెచ్చినవాడు ఆ సంత పుట్టినప్పటి నుంచి లేడు. అందుకే అర్చన పని ఎవరికీ దొరకలేదు.

బసన్న ఒక గుంజకు కట్టేసి ఉంది. నిజం చెబుతున్నాను, సంగతి తెలిసి పోయిన నేను కూడా నమ్మాను. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు తేలి, తుంటి ఎముక కింద గుప్పెడు లోతు గుంట. పాపం అది మాత్రం హాయిగా నెమరు వేస్తోంది. జమ్ములమ్మ పరుగు ఆపి, అక్కడే నిలబడిపోయింది. కళ్ళు సగం మూసింది.

"అబ్బబ్బ! ఆ తుంటి కింద చూడయ్యా! అంచు ఎంత మెత్తగ కలిపింది! బొక్క మీద వెలుగు గూడ ఇడిసిపెట్టింది, జర సుద్ద గూడ రాసినట్టుంది..."

"నీ అంచు మన్నుగాను! ఆడ తువ్వాల కింద చేతులు వోయినయి, చూడు!" అని అరిచాను.

సంతలో బేరం నోటితో చేయరు. అమ్మేవాడు, కొనేవాడు తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. చేతులు కింద ఉన్నంతసేపు ఎవరూ వాళ్ళ జోలికి పోరు. చేయి బయటికి తీసి చేతిలో చెయ్యి కొట్టారంటే బేరం అయిపోయినట్టే, ఇక దేవుడు దిగొచ్చినా తిరగదు. వెంకట్రాములు నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒక బేరగాడు, మా దిక్కువాడు కాదు. ఇద్దరి చేతులూ తువ్వాల కింద ఉన్నాయి. వెంకట్రాములు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

జమ్ములమ్మ పోయి, ఆ తువ్వాల పట్టుకుని లాగేసింది.

చుట్టూ ఉన్న రైతులంతా ఒక్కసారి "ఓయ్!" అన్నారు. సంతలో బేరం మీది తువ్వాల లాగడమంటే, పెళ్ళిపీటల మీద తెరసెల్లా లాగడం కంటే పెద్ద తప్పు. నేను మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేశాను. ఈమె నా భార్య అని అందరికీ తెలియాల్సిన అవసరం అప్పుడు నాకు కనిపించలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అని బేరగాడు లేచాడు.

"డ్రాయింగ్ టీచర్ని."

"డ్రాయింగ్ టీచరుకు సంతల ఏం పని?"

"హోమ్‌వర్క్ చూడనీకి వచ్చిన," అంది జమ్ములమ్మ.

వెంకట్రాములు చేతులు జోడించాడు. "టీచరమ్మా, నీకు పుణ్యముంటది, పక్కకు జరుగు. రాత్రి మంచిగనే మేసింది. తెల్లారినాంక చూస్తే గిట్లయింది. దీని జోడు గూడ గిట్లనే వోయింది. ముట్టనీకి గూడ నాకు చేతులొస్తలేవు. పడకముందే ఇచ్చేస్త. పడ్తే నేను చూడలేను."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ మనిషి రోగం తిరగబెట్టిందనుకున్నాడు. భయంతో ఎద్దు మీద చెయ్యే వేయలేదు. వేసి ఉంటే గుట్టు అక్కడే తేలిపోయేది.

"రోగపుదని తెలిసి గూడ తీస్కుంటున్న. దయ అనుకోర్రి," అన్నాడు బేరగాడు.

"నువ్వు ముట్టలేదా దాన్ని?" అంది జమ్ములమ్మ.

"ముట్టిన."

"ముడితే నీ చేతికి బొక్కలు తగిలినయా?"

బేరగాడు ఎటో చూశాడు. ముదురు మనిషి. ముట్టగానే తెలుసుకున్నాడు, లోపల కండ నిండుగా ఉందని. ఎందుకట్లా కనిపిస్తోందో తెలియకపోయినా, తెలియనట్టు ఉంటే తనకే లాభమని మాత్రం తెలిసింది. వాణ్ణి అక్కడే నాలుగు తన్నాలనిపించింది. కాని నాలుగడుగులు వెనక్కి ఉన్నాను కదా, అందలేదు.

జమ్ములమ్మ తడిగుడ్డ తీసి అర్చన చేతికిచ్చింది.

"నువ్వేసింది. నువ్వే తుడువు."

అర్చన గుడ్డ పట్టుకుని ఎద్దు దగ్గర నిలబడింది. తుడవలేదు.

"తుడుస్తే మంచిగ కనవడ్తది టీచర్. ఎవరన్న కొంటరు."

"కొంటరు."

"తుడవకుంటే ఈయన కొంటడు."

"అవు."

"ఇంటికైతే రాదు."

హెడ్‌మాస్టర్‌ను, నన్ను, నా ఖాతాదార్లను కడిగి ఆరేసే జమ్ములమ్మ నోరు, మొదటిసారి మూతపడటం చూశాను. ఆ పిల్లకు ఏదో ఒకటి చెప్పు, అబద్ధమైనా చెప్పు అని నా మనసు కొట్టుకుంది. ఆమె చెప్పలేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది.

అర్చన బసన్న కుడి పక్కకు పోయి తుడవడం మొదలుపెట్టింది. గంజి నాని, బొగ్గు నల్లగా కారింది. ఒక ఎముక పోయింది. ఇంకొకటి పోయింది. తుంటి కింద గుంట పూడిపోయింది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది, చేత్తో ముక్కు తుడుచుకుంది, ముఖమంతా మసి. చూస్తుండగానే ఆ పక్కన నున్నటి, నిండు ఎద్దు బయటికొచ్చింది. ఒక ముసలి రైతు ఎద్దు చుట్టూ తిరిగాడు. ఎడమ దిక్కు చూశాడు, కుడి దిక్కు చూశాడు, మళ్ళీ ఎడమ దిక్కు పోయాడు.

"ఇదేం జాదురా నాయనా! ఈ దిక్కు పెండ్లికొడుకు, ఆ దిక్కు దవాఖాన!" అన్నాడు.

ఇక నవ్వులే నవ్వులు. దూరం నుంచే తప్పుకుపోయినవాళ్ళంతా మూగారు. సెల్ ఫోన్లు పైకి లేచాయి. బేరగాడు తువ్వాల దులుపుకుని, ఎక్కడో పని ఉన్నట్టు జనంలో కలిసిపోయాడు.

వెంకట్రాములు లేచి, ఇంకా తుడవని ఎడమ పక్కన భయపడుతూ చెయ్యి వేశాడు. కళ్ళకు డొక్క, చేతికి కండ. కాసేపు అట్లాగే తడిమాడు. తర్వాత కూతురి వైపు తిరిగి చెయ్యెత్తాడు. అర్చన తప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మేత వేసెటోన్ని నేను. నేను గూడ నమ్మితి గదనే," అన్నాడు. అని తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

"ఉంచుకోరాదే వెంకట్రాములన్నా?" అంది జమ్ములమ్మ. అంత మెత్తగా మాట్లాడటం నాతో ఎన్నడూ జరగలేదు.

"ఎట్ల ఉంచుకుందు టీచరమ్మా? జోడు వోయిన కాడికెల్లి ఖాళీ గుంజ దిక్కు చూసుకుంట రాత్రంత ఒర్రుతది. గదంత ఈ పిల్లకు తెల్వదా? వినుకుంటనే పంటది."

అర్చన నేల చూపులు చూసింది.

అప్పుడు జనంలోంచి చోటే మియా అనే రైతు ముందుకు వచ్చాడు. కోడేరు దిక్కువాడు, తెల్లగడ్డం. ఆయనకూ తెల్లెద్దుల జతలో ఒకటి పోయిందట. అప్పటిదాకా సంతంతా తిరిగినా ఎత్తుకు ఎత్తు, రంగుకు రంగు కుదరలేదట. బసన్న పళ్ళు చూశాడు, డెక్కలు చూశాడు, ఎడమ పక్కన నవ్వుకుంటూ చెయ్యి వేశాడు. వెంకట్రాములుతో తువ్వాల కింద చెయ్యి కలిపాడు. ఈసారి జమ్ములమ్మ తువ్వాల జోలికి పోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. చెయ్యి మీద చెయ్యి పడిన చప్పుడు వినిపించింది.

చోటే మియా పగ్గం విప్పుతుంటే, అర్చన గుడ్డ మళ్ళీ తడిపి ఎడమ పక్కకు పోయింది.

"ఉండనీ బేటీ, గట్లనే పోనీ. తొవ్వల నజర్ తగల్దు," అన్నాడు ఆయన.

"వద్దు తాతా. మీ ఊళ్ళ అందరు మా నాయన మేత వెయ్యలే అనుకుంటరు."

చోటే మియా నవ్వు ఆపేశాడు. పిల్ల ముఖంలోకి చూశాడు. "అనుకోనియ్య. అడిగినోనికల్ల చెప్త, బడిపిల్ల వేసిందని. జోడు పక్కన కట్టేసినాంక, నా చేత్తో నేనే కడుగుత," అన్నాడు.

అర్చన గుడ్డ దించింది. బసన్న మూతి మీద నుదురు ఆనించి ఒక్క క్షణం నిలబడి, పక్కకు జరిగింది. ఎద్దు చోటే మియా వెంట బుద్ధిగా నడిచింది. ఎదురొచ్చినవాళ్ళలో ఎడమ దిక్కు ఉన్నవాళ్ళు "అయ్యో" అంటున్నారు, కుడి దిక్కు ఉన్నవాళ్ళు ఎంతకు కొన్నావని అడుగుతున్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో నాకు తెలియదు, దగ్గాను.

జమ్ములమ్మ అర్చన పక్కకు పోయి నిలబడింది. భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేదు.

"టీచర్, సోమవారం డ్రాయింగ్ ఉన్నదా?" అంది అర్చన, ఎద్దు పోయిన దిక్కే చూస్తూ.

"ఉన్నది."

"నేను రాను."

శ్రవణ్ కుమార్ సారుకు ఎదురు చెప్పిన మనిషి, సంతలో తువ్వాల లాగిన మనిషి, ఆ పిల్లను ఎందుకని కూడా అడగలేదు. "సరే బిడ్డా" అని, ఆమె చేతిలోని మసిగుడ్డ తీసుకుని, అదే గుడ్డతో తన కళ్ళు తుడుచుకుంది. ముఖమంతా నల్లగా అయింది. నేను చెప్పలేదు.